3389 మార్చినంత మాత్రాన: రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు గురించి తెలియాల్సిన లెక్క

“తమ్మీ, పోర్టు మార్పిచ్చినం గదా! మళ్ల వాళ్లకెట్ల దొరికింది?”

వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) సేటు నన్ను అడిగిన ప్రశ్న ఇది. మార్చి నెల, మిర్చి సీజన్ మీదున్న రోజులు. పొద్దున్నే దుకాణం తెరిచి కంప్యూటర్ ఆన్ చేసేసరికి లెక్కల ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు చేరి ఉన్నాయి. ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. డెస్క్‌టాప్ మీద ఒక నోట్: డబ్బు కడితేనే ఫైళ్లు తిరిగి వస్తాయట. బ్యాకప్ తీసుకునే పెన్‌డ్రైవ్ రాత్రంతా ఆ కంప్యూటర్‌కే పెట్టి ఉంది కాబట్టి అదీ పోయింది. తక్‌పట్టీల (రైతులకిచ్చే లెక్క చీటీల) నకళ్లు కాగితాల మీద ఉన్నాయి గనక ఏ రైతుకు ఎంత ఇవ్వాలో తేల్చగలిగారు. ఆ కాగితాలు ముందేసుకుని ఇంటిల్లిపాదీ వారం రోజులు లెక్కలు మళ్లీ ఎక్కించారు.

అంతకు ఆరేడు నెలల ముందు ఒకాయన వచ్చి ఆ కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే ఆ కంప్యూటర్ స్క్రీన్ తెరుచుకుని పనిచేసే ఏర్పాటు) పోర్టును 3389 నుంచి 3390కి మార్చి, “ఇగ మీకు ఫికర్ లేదు” అని చెప్పిపోయాడు. సేటు ఆ మాట నమ్మాడు. నమ్మడం ఆయన తప్పు కాదు. మన దగ్గర దుకాణాలు, రైస్ మిల్లులు, ల్యాబులు, కోల్డ్ స్టోరేజీలు అన్నిట్లోనూ ఇదే సలహా తిరుగుతోంది. హన్మకొండలో ఉండి ఈ నెట్‌వర్క్ పనులే చేసే నేనూ ఒకప్పుడు ఇదే సలహా ఇచ్చాను. అందుకే ఈ ఒక్క విషయాన్ని ఓపిగ్గా విప్పి చెప్పాలనుకున్నాను. పోర్టు మార్చడం దండగమారి పని కాదు. కానీ అది చేసే మేలు వేరు, దాని నుంచి మనం ఆశిస్తున్న మేలు వేరు.

యార్డు ఒకటే, దుకాణాలు వేరు

పల్లె నుంచి మిర్చి బస్తాలతో ట్రాలీ వచ్చిందనుకోండి. డ్రైవర్‌కు రెండు సంగతులు తెలియాలి: ఏ మార్కెట్, అందులో ఎన్నో నంబర్ దుకాణం. ఇంటర్నెట్‌లో మొదటిది ఐపీ అడ్రస్, రెండోది పోర్టు నంబర్. ఒక కంప్యూటర్‌లో ఒకేసారి పది రకాల పనులు నడుస్తుంటాయి. బయటి నుంచి వచ్చిన డేటా అందులో ఏ పనికి చెందినదో తేల్చేది ఈ పోర్టు నంబరే. నంబర్లు 0 నుంచి 65535 దాకా ఉంటాయి. వెబ్‌సైట్ల భద్రమైన రాకపోకలకు 443, లైనక్స్ యంత్రాల్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు 3306 అని వాడుకలో స్థిరపడిపోయాయి. అలాగే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ది 3389.

ఈ రిమోట్ డెస్క్‌టాప్ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌తో మొదలైంది. 2001లో ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో మామూలు డెస్క్‌టాప్‌లలోకి వచ్చింది. ఇప్పటికీ విండోస్ ప్రో, ఆపై ఎడిషన్లలోనే బయటివాళ్లను లోపలికి రానిచ్చే వీలుంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. మన దగ్గర దీని వాడకం జీఎస్టీ వచ్చాక, అంటే 2017 జులై తర్వాత, బాగా పెరగడం నేను కళ్లారా చూశాను. ఆడిటర్ హైదరాబాద్‌లో ఉంటాడు, లెక్కలు వరంగల్ దుకాణంలో ఉంటాయి. నెల నెలా రిటర్నులు వేయాలి. నూట యాభై కిలోమీటర్లు వచ్చిపోయే బదులు తన ఆఫీసులోనే కూర్చుని దుకాణం స్క్రీన్ తెరుచుకోవడం సుఖం. 2020లో లాక్‌డౌన్ పడ్డాక మిగిలినవాళ్లూ ఈ దారే పట్టారు.

అయితే ఈ దారి పనిచేయాలంటే దుకాణంలోని రౌటర్, బయటి నుంచి 3389కి వచ్చినవాళ్లను లోపలి కంప్యూటర్‌కు పంపించాలి. దీన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటాం. ఆడిటర్ కోసం తెరిచిన ఆ తలుపు భూగోళం మీద అందరికీ తెరిచినట్టే. అక్కడి నుంచే కష్టాలు మొదలవుతాయి.

నలభై ఐదు నిమిషాలు, అయిదున్నరేళ్లు

“వరంగల్‌లో నా చిన్న దుకాణం ఎవడికి కనబడ్తది?” అని అందరూ అడుగుతారు. ఎవడూ దుకాణాన్ని వెతుక్కుంటూ రాడు. తలుపులు తట్టుకుంటూ పోయే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే పనిముట్టును విడుదల చేశారు. ఒక సాధారణ సర్వర్, ఒక గిగాబిట్ కనెక్షన్ ఉంటే చాలు, పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లన్నిటి దగ్గరా ఒక్కో పోర్టును తట్టి చూడటం 45 నిమిషాల్లోపే అయిపోతుందని చూపించారు. ఆ అడ్రస్‌లు దాదాపు 430 కోట్లు. పరిశోధకులు దాన్ని ఇంటర్నెట్ ఆరోగ్యం చూడటానికి తయారుచేశారు. అదే వేగం దొంగల చేతికీ అందింది. అందుకే 3389 తెరిచిపెట్టిన ఏ కంప్యూటర్‌కైనా, దుకాణం చిన్నదైనా పెద్దదైనా, తలుపు తట్టేవాళ్లు తప్పరు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్క పోర్టుకు 45 నిమిషాలు. మొత్తం పోర్టులు 65536. దొంగ అన్ని అడ్రస్‌లలో అన్ని పోర్టులూ తట్టాలనుకుంటే, అదే వేగంతో, 2048 రోజులు పడుతుంది. అంటే అయిదున్నరేళ్లు పైమాటే. అంత ఓపిక ఎవరికీ ఉండదు. వాడికి కావలసింది సులువుగా దొరికేవి, 3389లో అవి కావలసినన్ని ఉన్నాయి. మీరు పోర్టును ఏ 41417కో మార్చుకుంటే, ప్రపంచమంతా ఒక్క 3389నే తట్టుకుంటూ పోయేవాడు మీ తలుపు దాటి వెళ్లిపోతాడు. పోర్టు మార్చడం పనిచేస్తుందని చెప్పేవాళ్ల మాటలో ఉన్న నిజం ఇదే.

అదే లెక్కను రెండో వైపు నుంచి వేయండి. దొంగ ప్రపంచాన్ని వదిలేసి మీ ఒక్క అడ్రస్ మీదే కూర్చున్నాడు. సెకనుకు వెయ్యి పోర్టులు తట్టడం ఇవాళ్టి ఇంటర్నెట్‌లో పెద్ద వేగం కాదు. ఆ లెక్కన మీ 65 వేల పైచిలుకు పోర్టులూ తట్టడానికి ఒకటింపావు నిమిషం కూడా పట్టదు. అయిదున్నరేళ్లు ఎక్కడ, అరవై ఆరు సెకన్లు ఎక్కడ! ఊరంతటినీ వెతికేవాడి నుంచి మీరు తప్పించుకున్నారు. మీ గుమ్మం ముందు నిలబడ్డవాడి నుంచి తప్పించుకోలేదు.

మధ్యలో ఇంకో రకం వాళ్లున్నారు, సేటుకు తగిలింది వాళ్లే. వీళ్లు అన్ని పోర్టులూ తట్టరు, 3389 ఒక్కటీ తట్టరు. జనం ఎక్కడికి మారుస్తారో వాళ్లకు తెలుసు: 3388, 3390, 13389, 33389, 33890. మనిషి బుర్ర గుర్తుండే నంబర్ వైపే పోతుంది కదా. అలాంటి ఓ ఇరవై నంబర్ల జాబితాతో తిరిగితే పని పదిహేను గంటలే. పైగా వాళ్లు స్వయంగా తిరగనక్కర కూడా లేదు. ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రాలను పోర్టుల వారీగా, సర్వీసుల వారీగా చూపించే షోడాన్ అనే సెర్చ్ ఇంజన్ 2009 నుంచీ ఉంది. అది ఎవరికైనా అందుబాటులో ఉన్నదే.

ఘాటు దాగదు

“పోర్టు నంబర్ తెలిసినా అందులో ఏమున్నదో వాడికెట్ల తెలుస్తది?” ఇది సేటు కొడుకు అడిగిన మాట. మంచి ప్రశ్న. యార్డులో మిర్చి దుకాణానికి నంబర్ పలక పీకేసి వేరే నంబర్ పెట్టారనుకుందాం. ఆ వరుసలో నడిచే మనిషికి గుమ్మం దగ్గరికి రాగానే తుమ్ములొస్తాయి. లోపల ఉన్నది మిర్చి అని ఇక పలక చదివి తెలుసుకోనక్కర లేదు.

రిమోట్ డెస్క్‌టాప్ కూడా అంతే. ఏ పోర్టులో కూర్చున్నా, ఎవరైనా దాని భాషలో మొదటి పలకరింపు పంపితే అది తన భాషలోనే బదులిస్తుంది. ఆ బదులులో మొదటి రెండు బైట్లు చూస్తేనే తెలిసినవాడికి అనుమానం వస్తుంది, మిగతావి చూస్తే అనుమానం తీరిపోతుంది. అంతటితో ఆగదు. ఎన్‌క్రిప్షన్ కోసం అది ముందుకు చాచే సర్టిఫికెట్‌లో, విండోస్ తనంతట తాను తయారుచేసుకున్నదైతే, ఆ కంప్యూటర్ పేరు ఉంటుంది. ఆ పేరు దుకాణం పేరో, ఊరి పేరో అయితే మీరెవరో కూడా మీరే చెప్పినట్టు.

పోర్టు నంబర్‌ను ఒక రహస్యంగా చూస్తే దాని బలం ఎంత? మొత్తం 65 వేల చిల్లర అవకాశాలు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు నాలుగు పెట్టి పాస్‌వర్డ్ కట్టినా 4,56,976 అవకాశాలుంటాయి. అంటే నాలుగక్షరాల పాస్‌వర్డ్ కంటే మీ పోర్టు రహస్యం ఏడు రెట్లు బలహీనం. నాలుగక్షరాల పాస్‌వర్డ్ మీద భారం వేసి ఎవరూ నిద్రపోరు. పాస్‌వర్డ్ తప్పు కొడితే ఖాతాకు తాళం పడే ఏర్పాటు చేసుకోవచ్చు, పోర్టు తప్పు తట్టినవాడికి మామూలుగా ఏ శిక్షా ఉండదు.

మరి మార్చడం ఎందుకు?

ఇంత చెప్పాక “అయితే మార్చొద్దా?” అంటారు. మార్చండి. దీన్ని కొట్టిపారేసే నిపుణులతో నాకు పేచీ ఉంది. వాళ్లు ఒక్క దెబ్బకు పాత సూత్రం చదివేస్తారు: దాచిపెట్టడం భద్రత కాదు. నిజమే. కానీ చప్పుడు తగ్గడం వల్ల వచ్చే లాభాలు దుకాణంలో కూర్చుని చూసినవాడికి తెలుస్తాయి.

3389 తెరిచి ఉన్న కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ (ఎవరు లోపలికి రావడానికి ప్రయత్నించారో రాసుకునే చిట్టా) చూడండి. 4625 అన్న నంబర్‌తో వరుసలు వరుసలుగా ఉంటాయి. ఒక్కో వరుసా ఒక విఫలమైన లాగిన్ ప్రయత్నం. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్ అంటూ పేర్లు మార్చి మార్చి కొడుతుంటారు. విండోస్‌లో ఈ లాగ్‌కు మామూలుగా ఇచ్చే జాగా 20 మెగాబైట్లే. నిండితే పాతవి చెరిగి కొత్తవి పడతాయి. ఆ చప్పుడులో నిజంగా ఒకడు లోపలికి వచ్చిన 4624 వరుస ఒకటి ఉన్నా అది తొందరగా చెరిగిపోతుంది. పోర్టు మార్చగానే ఈ జల్లు సన్నబడుతుంది, లాగ్ ఎక్కువ రోజులు నిలుస్తుంది, తేడా వస్తే కంటికి ఆనుతుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లను 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. రోజుకోసారి చెరిగిపోయే లాగ్‌తో ఏం దాచగలం?

ఇంకో లాభం ఖాతా తాళానికి సంబంధించినది. తప్పు పాస్‌వర్డ్ కొన్నిసార్లు కొడితే ఖాతాను కాసేపు మూసేసే ఏర్పాటు విండోస్‌లో ఎప్పటి నుంచో ఉన్నా, చాలా చోట్ల అది ఆన్ చేసి ఉండేది కాదు. అసలైన అడ్మినిస్ట్రేటర్ ఖాతాకైతే ఆ తాళం వర్తించేదే కాదు. 2022 అక్టోబరు 11 నాటి అప్‌డేట్లతో ఆ ఖాతాకూ తాళం పెట్టే వీలు వచ్చింది. ఆ తర్వాత కొత్తగా సెటప్ చేసిన యంత్రాల్లో పది తప్పులకు పది నిమిషాలు ఖాతా మూతపడేలా మైక్రోసాఫ్ట్ ముందే పెట్టి ఇస్తోంది. చాలా మంచి పని. కానీ 3389 బహిరంగంగా ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ఎక్కడివాడో మీ ఖాతా పేరు మీద తప్పులు కొడుతూనే ఉంటాడు, తాళం పడుతూనే ఉంటుంది, రిటర్నుల చివరి రోజు రాత్రి ఆడిటర్‌కే లోపలికి దారి దొరకదు. పోర్టు మార్చి చప్పుడు తగ్గిస్తే ఈ తాళం దొంగను ఆపే పని సాఫీగా చేస్తుంది, ఇంటివాళ్లను బయట నిలబెట్టదు.

ఇవీ లాభాలు. ఇవి లెక్కలో తేడా చూపించే లాభాలు, తలుపు గట్టిపరిచేవి కావు. సేటు దుకాణంలో రిమోట్ ఖాతా పేరు ఆ లెక్కల సాఫ్ట్‌వేర్ పేరే, పాస్‌వర్డ్ ఆ పేరుకు చివర 123. పోర్టు మార్చిన రోజున పాస్‌వర్డ్ కూడా మార్చి ఉంటే ఇంత జరిగేది కాదని నేను అనుకుంటాను. మార్చలేదు, ఎందుకంటే “ఇగ ఫికర్ లేదు”. నాకు భయమంతా ఆ మాటంటేనే. పోర్టు మార్చడంలో ప్రమాదం ఏమీ లేదు, మార్చాక వచ్చే నిశ్చింతలో ఉంది.

పాస్‌వర్డ్ గట్టిగా ఉన్నా ఆగని ప్రమాదాలూ ఉన్నాయి. 2019 మే నెలలో బయటపడ్డ బ్లూకీప్ లోపం అలాంటిదే. బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం మైక్రోసాఫ్ట్‌కు తెలియజేసిన ఈ లోపం రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసులోనే ఉంది. పాస్‌వర్డ్ అడిగే దశకు ముందే, తలుపు దగ్గర పలకరింపులోనే, దొంగ తన కోడ్ నడిపించుకోగలడు. విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2, వాటికంటే పాతవి దీని బారిన పడ్డాయి. 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మరమ్మతు విడుదల చేసిందంటే దాని తీవ్రత అర్థం చేసుకోవచ్చు. ఇలాంటి లోపం ముందు మీ సర్వీసు 3389లో ఉన్నా 41417లో ఉన్నా ఒకటే. ముఖ్యంగా ఆదుకునేవి రెండు: అప్‌డేట్లు, ఆ తలుపు బయటివాళ్లకు అసలు కనబడకపోవడం. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. మన మిల్లుల్లో, ల్యాబుల్లో ఈ రెండూ ఇంకా నడుస్తున్నాయి. వాటిని నేరుగా ఇంటర్నెట్ ముందు పెట్టకండి, పోర్టు ఏదైనా సరే.

మార్చేటప్పుడు తప్పటడుగులు

పోర్టు రెండు చోట్ల మార్చవచ్చు. చాలామంది ఈ తేడా గమనించరు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టేటప్పుడు బయటి పోర్టు, లోపలి పోర్టు అని రెండు గళ్లుంటాయి. బయట 41417 అని రాసి, లోపల 3389 అనే ఉంచితే చాలు, ప్రపంచానికి కనిపించే నంబర్ మారిపోతుంది. కంప్యూటర్‌లో దేన్నీ ముట్టుకోనక్కర లేదు, దుకాణం లోపల ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు వెళ్లేవాళ్లకు ఏ మార్పూ ఉండదు. దుకాణాలకు నేను చేసేది ఇదే. రౌటర్ అంటూ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌లో ఉండే క్లౌడ్ సర్వర్ లాంటివాటికి మాత్రం విండోస్ లోపలే మార్చాలి.

విండోస్ లోపల ఆ నంబర్ ఉండేది, విండోస్ తన అమరికలు రాసిపెట్టుకునే రిజిస్ట్రీలో. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, అందులో కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టెర్మినల్ సర్వర్, విన్‌స్టేషన్స్, చివరికి ఆర్‌డీపీ-టీసీపీ. అక్కడ పోర్ట్‌నంబర్ అనే విలువ కనిపిస్తుంది. దాన్ని తెరవగానే చాలామంది బెదిరిపోతారు, ఎందుకంటే అక్కడ 3389 ఉండదు, డీ3డీ అని ఉంటుంది. అది తప్పు కాదు. రిజిస్ట్రీ ఎడిటర్ అంకెలను పదహారు మూలంగా ఉండే హెక్సాడెసిమల్ పద్ధతిలో చూపిస్తుంది, ఆ పద్ధతిలో 3389ని అలాగే రాస్తారు. ముందు పక్కనున్న డెసిమల్ గుండీ నొక్కి, ఆ తర్వాతే కొత్త నంబర్ కొట్టాలి. మరిచిపోయి హెక్స్‌లోనే 4389 కొట్టారనుకోండి, అసలు పోర్టు 17289 అయి కూర్చుంటుంది. మీరు 4389కి ఫోన్ చేసినట్టు ప్రయత్నిస్తూనే ఉంటారు, అవతల ఎత్తేవాడు ఉండడు. నేను చూసిన “పోర్టు మారిస్తే పనిచేస్తలేదు” కేసుల్లో ఈ పొరపాటు చాలాసార్లు కనిపించింది.

రెండో పొరపాటు ఫైర్‌వాల్ దగ్గర, అంటే లోపలికి ఎవరిని రానివ్వాలో తేల్చే కాపలా దగ్గర. విండోస్ ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పేరుతో ముందే ఉన్న నియమం 3389కే వర్తిస్తుంది. రిజిస్ట్రీలో నంబర్ మార్చినంత మాత్రాన ఆ నియమం వెంట రాదు. కొత్త నంబర్‌కు లోపలికి వచ్చే నియమం విడిగా రాయాలి. డేటా ప్రయాణించే రెండు పద్ధతులైన టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి. విండోస్ 8 తరం నుంచి బొమ్మ, ధ్వని సాఫీగా రావడానికి రిమోట్ డెస్క్‌టాప్ యూడీపీని కూడా వాడుకుంటోంది. అది రాయకపోతే కనెక్షన్ కలుస్తుంది, కానీ స్క్రీన్ ఈడ్చుకుంటూ కదలొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం వరుస. మీరు హైదరాబాద్‌లో కూర్చుని హన్మకొండ కంప్యూటర్ పోర్టును రిమోట్‌గానే మారుస్తుంటే, కూర్చున్న కొమ్మను మీరే ముట్టుకుంటున్నట్టు. ముందు కొత్త నంబర్‌కు ఫైర్‌వాల్ నియమాలు రాయండి. తర్వాత రిజిస్ట్రీలో మార్చండి. అప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అనే సర్వీసును గానీ, మొత్తం కంప్యూటర్‌ను గానీ రీస్టార్ట్ చేయాలి. ఆ క్షణాన మీ కనెక్షన్ తెగిపోతుంది. ఇప్పుడు అడ్రస్ తర్వాత రెండు చుక్కలు పెట్టి కొత్త నంబర్ రాసి, 203.0.113.20:41417 అన్నట్టుగా, మళ్లీ ప్రయత్నించండి. కలిసిందని తేలాకే పాత 3389 నియమాన్ని మూయండి. ఈ పని చేసేంతసేపూ దుకాణంలో ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు ఉండేలా చూసుకోండి. ఒక కనెక్షన్ తెగితే రాత్రికి రాత్రి బండి కట్టుకుని రావలసి వస్తుంది.

నంబర్ ఎంపిక గురించి కొంచెం. 1024 లోపు నంబర్లు పేరున్న సర్వీసులవి, వాటి జోలికి పోవద్దు. 49152 నుంచి 65535 వరకు ఉన్నవాటిని విండోస్ తన అవసరాలకు ఎప్పటికప్పుడు తీసి వాడుకుంటుంది. అక్కడ పెడితే ఏదో ఒక రోజు రీస్టార్ట్ తర్వాత మీ నంబర్‌ను ఇంకెవరో ముందే తీసేసుకుని ఉంటారు. మధ్యలో ఉన్నవాటిలో కూడా మన దుకాణాల్లో టాలీ వాడే 9000, 9999 లాంటివి వదిలేయండి. నెట్‌స్టాట్ కమాండ్ కొడితే ఏవి వాడకంలో ఉన్నాయో కనిపిస్తాయి. 33 మీద, 89 మీద మొదలుపెట్టకుండా మీకు ఏ సంబంధమూ లేని నంబర్ తీసుకోండి.

ఇంత చేసినా బయటి నుంచి కలవడం లేదంటే పోర్టును తిట్టుకునే ముందు మీ బ్రాడ్‌బ్యాండ్ మీకు సొంత పబ్లిక్ ఐపీ ఇస్తోందో లేదో చూడండి. చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎంతోమందికి పంచి ఇస్తారు. రౌటర్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే మీదీ ఆ పంపకమే. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా లాభం లేదు.

మలుపున్న వాకిలి

ఖిలా వరంగల్‌కు ఎప్పుడైనా వెళితే రాతి కోట ద్వారం దగ్గర కాసేపు ఆగి చూడండి. కాకతీయులు దాన్ని ఎవరికీ కనబడకుండా దాచలేదు. దారి ఎక్కడుందో అందరికీ తెలుసు. కానీ ఆ వాకిలి నేరుగా లోపలికి తెరుచుకోదు. వచ్చినవాడు గోడల మధ్య మలుపు తిరగాలి, తిరిగేటప్పుడు పై నుంచి కాపలావాళ్లకు కనబడాలి. 1883లో కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు గూఢలిపి గురించి చెప్పిన సూత్రం కూడా దీనికి దగ్గరిదే: ఏర్పాటు మొత్తం శత్రువు చేతికి చిక్కినా, తాళంచెవి ఒక్కటి చిక్కనంత వరకు అది నిలబడాలి. మన రిమోట్ డెస్క్‌టాప్‌కు అలాంటి మలుపు కట్టడం అంత కష్టమేమీ కాదు.

ఆడిటర్ ఆఫీసుకు మారని ఐపీ అడ్రస్ ఉంటే పని చాలా సులువు. ఫైర్‌వాల్ నియమంలో స్కోప్ అనే చోట ఆ ఒక్క అడ్రస్‌ను రాసి, అక్కడి నుంచి వచ్చినవాళ్లకే తలుపు తీయమని చెప్పవచ్చు. మిగతా ప్రపంచం ఎంత తట్టినా బదులు రాదు. పైసా ఖర్చు లేదు, అయినా దీన్ని చేసినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు.

మారని అడ్రస్ లేకపోతే వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా మనవాళ్లకు మాత్రమే వేసుకునే రహస్య దారి. వీపీఎన్‌లలో నేను వైర్‌గార్డ్ వైపు మొగ్గుతాను, దానికి కారణం ఇందాక చెప్పిన ఘాటు సంగతే. వైర్‌గార్డ్ ఒక్క యూడీపీ పోర్టు మీద, మామూలుగా 51820 మీద, వింటూ ఉంటుంది. సరైన తాళంచెవితో రాని ప్యాకెట్‌కు అది అసలు బదులే ఇవ్వదు. తట్టినవాడికి అక్కడ తలుపుందో గోడుందో తెలియదు. ఆడిటర్ ముందు వీపీఎన్‌లో చేరతాడు, ఆ తర్వాత దుకాణం లోపలే ఉన్నట్టు రిమోట్ డెస్క్‌టాప్ తెరుస్తాడు. ఇలా చేశాక రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కోసం ఏ పోర్టూ తెరవాల్సిన పని ఉండదు. సొంత పబ్లిక్ ఐపీ లేనివాళ్లకు మాత్రం మధ్యలో ఒక సర్వర్ ఆసరా కావాలి, లేదా వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ లాంటివి పనికొస్తాయి. పెద్ద ఆఫీసులైతే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే పెట్టుకుని 443 మీదుగా, రెండో అంచె ధ్రువీకరణతో రానివ్వవచ్చు.

వీటన్నిటితో పాటు నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్ ఆన్‌లో ఉంచండి. విండోస్ విస్టా కాలం నుంచి ఉన్న ఈ ఏర్పాటు, పాస్‌వర్డ్ సరిచూశాకే స్క్రీన్ తెరుస్తుంది. రిమోట్‌గా వచ్చే అనుమతి ఎవరికి కావాలో వాళ్ల ఖాతాకే ఇవ్వండి. పాస్‌వర్డ్ మన మాటలు నాలుగైదు కలిపిన పొడవాటిదైతే గుర్తుంటుంది, ఊహించడానికీ కష్టం. బ్యాకప్ డ్రైవ్‌ను పని అయిపోగానే తీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కు తగిలించి ఉన్న బ్యాకప్, దాడి రోజున బ్యాకప్ కాదు. దాడి జరిగితే ఆ సిస్టమ్ నెట్ కేబుల్ పీకి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ అడ్తి దుకాణంలో విండోస్ మళ్లీ ఎక్కించి, కొత్త రౌటర్‌లో వైర్‌గార్డ్ పెట్టి, సేటు కొడుకు ఫోన్‌కు ఒక తాళంచెవి, ఆడిటర్ ల్యాప్‌టాప్‌కు ఒకటి ఇచ్చాం. చివర్లో సేటు నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తూ, “మరి పోర్టు ఎంత పెట్టినవ్ తమ్మీ?” అన్నాడు. రిజిస్ట్రీ తెరిచి చూపించాను. డీ3డీ. అంటే 3389, మొదట ఉన్న నంబరే. బయటి నుంచి ఆ నంబర్‌కు ఇప్పుడు దారి లేదు.